వానలో కారు తోక జాడిస్తే

తడిరోడ్డు మీద మలుపు తిరిగితే కారు ముందుభాగం మాట వింటుంది గాని వెనుకభాగం పక్కకు జారుతోందనీ, మెకానిక్కు "అన్నీ బాగానే ఉన్నాయండీ" అంటున్నాడనీ ఒక సోదరి రాశారు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి! తెలుగు మేష్టారికి టైర్ల గొడవేమిటని నవ్వకండి.

ఈమధ్య రెండు టైర్లు మార్చారా? అయితే కొత్తవి ముందు వేయించి ఉంటారు. ఇంజను ముందుంది కదా అని చాలామంది చేసే పని అదే. కొత్తవి వెనక్కే వెయ్యాలి. అరిగిన టైరు గాళ్ళకు నీటిని పక్కకు నెట్టే శక్తి తగ్గి, టైరు నీటిమీద తేలుతుంది. ముందువి తేలితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. వెనుకవి తేలితే బండే గిర్రున తిరుగుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లుంటే చట్టం ఒప్పుకుంటుంది, వాన ఒప్పుకోదు.

గాళ్ళు బాగున్నా రబ్బరు ముసలిదై గట్టిపడి ఉండవచ్చు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం తయారీ.

గాలి ఒత్తిడి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి.

ఇవన్నీ సరిగా ఉంటే వెనుక టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాయండి. ఒక అంచే అరిగిందా? అలైన్‌మెంటు వెనుక చక్రాలకూ చూడమనండి. ముందువి మాత్రమే చూసి పంపేసేవాళ్ళున్నారు. ఒక పక్కకు తిరిగినప్పుడే జారుతోంటే రెండు వెనుక టైర్లనూ పోల్చి, షాకబ్జార్బర్ల దగ్గర నూనె కారుతోందేమో, బుష్షులు వదులయ్యాయేమో చూడమనండి.