ఎందుకైనా మంచిదని పంపకండి

హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏ భయపెట్టే మెసేజ్ వచ్చినా కింద ఒక ముక్క తగిలిస్తారు: "నిజమో కాదో తెలీదు, ఎందుకైనా మంచిదని పెడుతున్నా." తెలీనప్పుడు ఎందుకు పెట్టారు? ఎవరికి మంచిది?

2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయన్న పుకారు తెలంగాణ ఊళ్లను చుట్టేసింది. అప్పుడు దేశమంతా తిరిగిన ఒక వీడియోలో ఇద్దరు బైకు మీద వచ్చి, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. చూసిన ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. అది కరాచీలో తీసిన అవగాహన చిత్రం. అసలు దాంట్లో ఆ బైకు తిరిగొస్తుంది, పిల్లాణ్ణి దించుతారు, పిల్లల గురించి హెచ్చరిస్తూ రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవడో కోసేశాడు. భయాన్ని మనకు వదిలి, జవాబును తీసేశాడు.

అదే ఏడాది జులై 13న హైదరాబాద్ నుంచి బీదర్ వైపు వెళ్లిన మిత్రులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లంటూ వాళ్ల వీడియో వాట్సాప్‌లో వాళ్లకంటే ముందే ముర్కి ఊరు చేరింది. అక్కడ జనం వాళ్లను అడ్డగించి కొట్టారు. వాళ్లలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చనిపోయాడు. అరెస్టయినవాళ్లలో వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు.

చదువులేనివాళ్లే నమ్ముతారనే మాట నేను ఒప్పుకోను. డిగ్రీ ఉన్నవాళ్లు కూడా పంపింది బావగారు కాబట్టి, పక్క ఫ్లాట్ ఆంటీ కాబట్టి నిజమా అని అడగరు. పుకారు బతికేది ఆ మొహమాటం మీదే. దాని దెబ్బ పడేదేమో మన టవర్లు కట్టడానికి బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన కూలీల మీద, పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి అర్ధరాత్రి గదికి నడిచే కుర్రాడి మీద. తెలుగు రాకపోతే చాలు, అనుమానితుడే!

ఆపలేమనడం అబద్ధం. ఆ 2018లోనే జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వీడియోలు అబద్ధమని జనం మధ్య నిలబడి చెప్పించారు. ఆమె పరిధిలోని 400కు పైగా ఊళ్లలో ఒక్క ప్రాణమూ పోలేదు. కానిస్టేబుళ్లు చేసిన ఈ పని లక్షల జీతాలున్న మన గ్రూపులకు చేతకాదా?

ఈసారి అలాంటి మెసేజ్ వస్తే పంపినవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా గ్రూపులోనే అడగండి: "మీరు కళ్లారా చూశారా? ఎక్కడ, ఎప్పుడు?" జవాబు రాకపోతే తీసేయమనండి. నిజంగా అనుమానముంటే 112కు ఫోన్ చేయండి. అంతేగానీ ముందుకు పంపకండి.