లిడిచే పిల్లలు

ముఖచిత్రం చూసి బడి గ్రూప్ ఫొటో అనుకునేరు. చెక్ దేశంలో, ప్రాగ్ దగ్గరి లిడిచే గ్రామంలో నిలబెట్టిన 82 మంది పిల్లల కంచు విగ్రహాలవి.

నాజీ అధికారి హైడ్రిక్‌ను చంపినవాళ్లతో ఆ ఊరికి సంబంధం ఉందని నాజీల రహస్య పోలీసు దళం గెస్టాపో అనుమానపడింది. అనుమానమే, రుజువు లేదు. 1942 జూన్ 10న 173 మంది మగవాళ్లను ఒక రైతు కొట్టం గోడ ముందు కాల్చేశారు. తూటాలు గోడకు తగిలి వెనక్కి రాకుండా ఊళ్లోని పరుపులే తెచ్చి ఆనించారు. ఎంత ముందుచూపో! ఆడవాళ్లను రావెన్స్‌బ్రూక్ క్యాంపుకు తరలించారు. పిల్లల్లో ఎక్కువమందిని చెల్మ్నో క్యాంపులో విషవాయువుతో చంపారు. ఇళ్లు తగలబెట్టి, పేల్చేసి, చివరికి శ్మశానాన్ని కూడా తవ్విపోశారు. పటంలో ఊరి పేరే మిగలకూడదని పంతం.

ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్ గని కార్మికులు అదే ఏడాది ఊరిని మళ్లీ కట్టించాలని చందాలకు పూనుకున్నారు. యుద్ధం ముగిశాక పాత ఊరి పక్కనే కొత్త లిడిచే లేచింది. శిల్పి మరియే ఉహితిలోవా 1969లో మొదలుపెట్టిన ఆ పిల్లల విగ్రహాలు, ఆమె 1989లో పోయాక భర్త పూనికతో పూర్తయ్యాయి. వాటి మీద వ్యాసం, మరిన్ని ఫొటోలు లోపలి పేజీల్లో ఉన్నాయి.