నిల్వ పెంచిన చాలదు, టేపును పెంచవలెను

కార్యాలయమునకు క్రొత్త సర్వర్ వచ్చిన దినమున కొబ్బరికాయలు, పూలదండలు, అధికారుల ఉపన్యాసములు తప్పవు. నిల్వ సామర్థ్యము మూడింతలైనదని ప్రకటనలు వెలువడును. కాని ఆ సర్వర్‌లోని సమాచారమునకు రాత్రివేళ నకలు తీయు టేపు డ్రైవు సంగతి ఏమని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నను మన సంఘములే అడుగవలెనని మా అభిప్రాయము.

ఇది కంప్యూటరు నిపుణుల వ్యవహారము, మనకేల అని కొందరు తలంపవచ్చును. తపాలా శాఖలో 2013 చివర మొదలైన కోర్ బ్యాంకింగ్‌తో పొదుపు ఖాతాలు సర్వర్లలోనికి చేరినవి. రైల్వేలో 2020 నవంబరులో ప్రారంభమైన హెచ్.ఆర్.ఎం.ఎస్.తో సర్వీసు రికార్డులు చేరినవి. మన నియామక తేది, ఇంక్రిమెంట్లు, సెలవు ఖాతా, నామినీ పేరు నేడు సర్వర్‌పై ఆధారపడి యున్నవి. అది చెడి నకలు దొరకనినాడు నష్టపోవునది సర్వర్ కొన్న అధికారి కాదు. ముప్పదియేండ్లు పట్టాలపై పనిచేసిన ట్రాక్‌మన్, పోస్టాఫీసులో పైకము దాచుకొన్న కూలి.

లెక్క చూడుడు. 2010లో వచ్చిన ఎల్.టి.ఓ. 5వ తరము టేపులో 1.5 టెరాబైట్లు పట్టును. వేగము సెకనుకు 140 మెగాబైట్లు. సర్వర్‌లో 30 టెరాబైట్లున్నచో 20 టేపులు, సుమారు 60 గంటలు కావలెను. ఒక రాత్రిలో ఇది అసాధ్యము. అప్పుడు జరుగునదేమి? కొన్ని ఫైళ్ళను నకలు నుండి తప్పింతురు, లేదా వారమునకొకమారుతో సరిపెట్టుదురు. 2021లో వచ్చిన 9వ తరము టేపులో 18 టెరాబైట్లు పట్టును, వేగము 400 మెగాబైట్లు. అదే పని 2 టేపులతో, ఒక డ్రైవుపై 21 గంటలలో, రెండు డ్రైవులపై సగము కాలములో ముగియును. టేపు పెట్టెపై 45 టెరాబైట్లని అచ్చువేసిన అంకెను నమ్మరాదు. అది సమాచారమును కుదించగల్గినప్పటి మాట. స్కాను చేసిన సర్వీసు పుస్తకముల బొమ్మలు ముందే కుదించబడినవి. మరల అంతగా కుదియవు. ఇండెంటు 18 లెక్కననే వేయవలెను.

క్రొత్త డ్రైవు కొన్నంతనే పని ముగియదు. 5వ తరము టేపును 7వ తరము డ్రైవు వరకే చదువగలదు. 8, 9వ తరముల డ్రైవులు చదువలేవు. పాత డ్రైవును తుక్కు క్రింద వేలము వేసిన మరునాటి నుండి అరలోని పాత టేపులు బీగముచెవి పోయిన ఇనుప పెట్టెలగును. కావున పాత టేపులన్నిటిని క్రొత్త వానిపైకి ఎక్కించి, సరిచూచుకొన్న పిమ్మటనే పాత డ్రైవును వదలవలెను.

టేపు పాతకాలపు వస్తువు, రెండవ సర్వర్‌లో జోడు నకలున్నది చాలునని పాలకవర్గము వాదింపవచ్చును. మొదటి సర్వర్‌లో పొరపాటున చెరిపినది జోడు నకలులో కూడ క్షణములో చెరిగిపోవును. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేరు లోపము వలన కొందరు జీమెయిల్ ఖాతాదారుల ఉత్తరములు మాయమైనపుడు, పలుచోట్ల నకళ్ళుంచిన గూగుల్ సంస్థయే చివరకు టేపుల నుండి వానిని తిరిగి తెచ్చినది. డ్రైవు నుండి తీసి అరలో పెట్టిన టేపును ఏ లోపమును, ఏ సైబరు దొంగయు అంటలేడు.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్ నగరమున ప్రభుత్వ డేటా కేంద్రము అగ్నిప్రమాదమునకు గురియైనది. అచ్చటి తపాలా సేవలు సైతము స్తంభించినవి. ప్రభుత్వోద్యోగుల ఫైళ్ళుంచిన 858 టెరాబైట్ల నిల్వ బూడిదయైనది. వేరుచోట నకలు లేదు. పరిమాణము మిక్కిలి పెద్దదగుటయే కారణమని అధికారులు చెప్పిరి. 9వ తరము టేపులైనచో 48 చాలును. ఒక బీరువాలో పట్టును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యనగా ఇదియే.

కావున పి.ఎన్.ఎం., జె.సి.ఎం. సమావేశములలో మన ప్రతినిధులు ఈ కోర్కెలను అజెండాలో చేర్పించవలెనని కోరుచున్నాము.

1. సర్వర్ నిల్వ పెంచు ప్రతి మంజూరులోనే టేపు డ్రైవులకు, టేపులకు, పాత టేపుల మార్పిడికి నిధులు చేర్చవలెను.

2. ఒక జత టేపులను వేరొక ఊరిలో భద్రపరుపవలెను.

3. మూడు మాసములకొకమారు టేపు నుండి సమాచారమును నిజముగా తిరిగి తీసి చూడవలెను. ఫలితమును సంఘమునకు తెలుపవలెను.

4. ఈ పనికి శిక్షణ పొందిన శాశ్వత సిబ్బందిని నియమింపవలెను. రాత్రి విధికి నైట్ డ్యూటీ అలవెన్సు చెల్లింపవలెను. టేపు మార్పును కాంట్రాక్టు కుర్రవానిపై మోపి, తప్పు జరిగినపుడు అతనిని బలియిచ్చు పద్ధతి పోవలెను.

రిజిస్టరు ఉత్తరమునకు రసీదు ఇవ్వక ఏ తపాలా ఉద్యోగియు కౌంటరు మూయడు. లైను ఖాళీయని తెలియక ఏ స్టేషను మాస్టరును బండి వదలడు. మన జీవితకాలపు సేవకు లెక్క యుంచు యంత్రము విషయమున పాలకవర్గము నుండి ఆపాటి జాగ్రత్తనే కోరుచున్నాము. ప్రతి శాఖా సంఘమును ఈ మాసమే వ్రాతపూర్వకముగా అడుగవలెను: మన రికార్డుల నకలు ఎచ్చటనున్నది? దానిని చివరిసారి తెరచి చూచినది ఎన్నడు?