ఆటోలో వదలాలా, బిగించాలా?

శ్రీరాంపూర్ లాంటి బొగ్గు ఊళ్లో ఆఫీసు నెట్ ఆగితే ముందు చూసేది స్విచ్ మీది పచ్చ లైటునే. అది వెలిగితే కేబుల్ బాగుందనుకుంటాం. చాలాసార్లు నిజమే అయినా, ఆ లైటు చెప్పేది అవతలి పోర్ట్ సంకేతం అందుతోందన్నంత వరకే.

10 మెగాబిట్ల రోజుల్లో డేటా లేకున్నా పోర్ట్ సుమారు 16 మిల్లీసెకన్లకొక పల్స్ పంపేది. అవి అందుతున్నంతసేపు లింక్ ఉన్నట్టే. 1995 ప్రమాణంతో వచ్చిన ఆటో నెగోషియేషన్‌లో ఆ పల్స్‌లే గుంపులుగా మారి, ఏ పోర్ట్‌కు ఏ వేగాలు వచ్చో చెప్పసాగాయి. ఇరువైపులా కుదిరిన వాటిలో మేలైనది ఖాయమవుతుంది. పరికరం మార్చినా ఎవరూ సెట్టింగ్ ముట్టుకోనక్కర్లేదు. ఈ సౌకర్యం చిన్నది కాదు.

అయితే ఈ బేరం నడిచేది రెండు జతల తీగల మీద. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. లారీల కాటా గదికి వెళ్లే కేబుల్‌లో మిగతా రెండు జతల్లో ఒకటి తెగి ఉంటే, ఇరువైపులా 1000 మెగాబిట్లకు ఒప్పుకుంటాయి, లింక్ మాత్రం నిలవదు. కొన్ని చిప్‌లు తామే వేగం తగ్గించుకుంటాయి గానీ అన్నీ కాదు. అలాంటి చోట వేగాన్ని 100 మెగాబిట్లకు బిగిద్దామనే టెక్నీషియన్‌ను తప్పుపట్టలేం. కొత్త కేబుల్ వచ్చేదాకా లారీలను ఆపలేరు కదా.

చిక్కంతా ఒకవైపే బిగించినప్పుడు వస్తుంది. 100 ఫుల్ డ్యూప్లెక్స్‌కు (ఒకేసారి పంపుతూ అందుకునే తీరుకు) బిగించిన పోర్ట్ సాధారణంగా బేరమాడదు. ఆటోలో ఉన్న అవతలి పోర్ట్ సంకేతాన్ని బట్టి వేగం పోల్చుకోగలదు, డ్యూప్లెక్స్ మాత్రం తెలుసుకోలేదు. నియమం ప్రకారం హాఫ్ (ఒకసారికి ఒకవైపే) తీసుకుంటుంది. లైటు వెలుగుతుంది, పింగ్ పనిచేస్తుంది, పెద్ద ఫైలు మాత్రం పాకుతుంది. రెండు వైపులా బిగిస్తే ఈ బాధ లేదు. కానీ బిగించినాయన బదిలీ అయ్యాక ఇంకొకరు స్విచ్ మారిస్తే, అదే తంటా తిరిగి మొదలవుతుంది.

అందుకే, స్విచ్ అనుమతిస్తే, ఆటోను ఉంచి, అది ప్రకటించే వేగాల్లో 100 ఫుల్ ఒక్కటే మిగల్చడం నాకు మెరుగనిపిస్తుంది. అవతల సెట్టింగులే లేని చవక స్విచ్ ఉన్నా డ్యూప్లెక్స్ సరిగ్గా కుదురుతుంది. ఆ వీలు లేకపోతే రెండు చివరలా బిగించి, కేబుల్‌కు చీటీ కట్టాలి. గిగాబిట్ రాగి తీగకు మాత్రం ప్రమాణమే ఆటోను తప్పనిసరి చేసింది. ఏది ఎంచుకున్నా లైటుతో పాటు పోర్ట్ ఎర్రర్ లెక్కలనూ చూడాలి, పాడైన కేబుల్‌ను మార్చే పని వాయిదా పడకూడదు.