బండి ఆగితే ఆదుకునేదెవరు?
సభ్యత్వం తీసుకునే ముందు లెక్క చూసుకోవాలి

ఒకప్పుడు మోటారు సైకిలు కలిగినవారి ఇంటిముందు కనిపించే వస్తువు. నేడు వజ్రపుకొత్తూరు మండలంలో అది బతుకుతెరువు. మంచినీళ్లపేట, నువ్వలరేవు తీరాల నుంచి చేపలు సంతకు చేరాలన్నా, జీడిపప్పు కర్మాగారాల్లో పనికి పలాస-కాశీబుగ్గ వెళ్లాలన్నా, మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారిని డయాలసిస్‌కు తీసుకుపోవాలన్నా చాలా ఇళ్లలో బండే దిక్కు. అటువంటి బండి కొబ్బరితోటల మధ్య ఆగిపోతే పోయేది పొద్దు ఒక్కటే కాదు. చేప పాడవుతుంది, ఆ పూట కూలి పోతుంది, రోగికి వేళ తప్పుతుంది.

ఈ కష్టానికి విరుగుడుగా ‘రోడ్‌సైడ్ అసిస్టెన్స్’ సభ్యత్వం వచ్చింది. బండి కొనేటప్పుడో, బీమా కట్టేటప్పుడో ఇందులో చేరమంటారు. ఏడాదికి కొన్ని వందల రూపాయలు. దారిలో బండి ఆగితే ఫోను చేయాలి. మనిషి వచ్చి చిన్న మరమ్మతు చేస్తాడు, పంక్చరు చూస్తాడు, పెట్రోలు తెచ్చిస్తాడు. అప్పటికీ కదలకపోతే బండిని దగ్గరలోని సర్వీసు సెంటరుకు చేరుస్తారు. వినడానికి బాగానే ఉంది. అయితే ఉద్దానం పల్లెల్లో తిరిగేవారికి ఇది ఎంతవరకు గిట్టుబాటు?

షరతులు చదవాలి

సభ్యత్వం ఉంటే అన్నీ ఉచితమనుకోవడం పొరపాటు. మెకానిక్కు రావడానికి డబ్బు తీసుకోకపోయినా విడిభాగాల ధర, పెట్రోలు ధర సాధారణంగా బండి యజమానే భరించాలి. ఏడాదికి ఇన్నిసార్లే అని, ఇన్ని కిలోమీటర్ల వరకే అని పరిమితులుంటాయి. వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఆ మెకానిక్కు ఎక్కడినుంచి రావాలి? పలాసలో ఉంటే ఒక లెక్క, శ్రీకాకుళంలో ఉంటే మరో లెక్క. డోకులపాడు దారిలో పంక్చరయిన బండికోసం శ్రీకాకుళం నుంచి మనిషి వచ్చేసరికి, బండిని పూండి దాకా తోసుకుపోయి ప్యాచీ వేయించుకుని ఇల్లు చేరవచ్చు. కనుక డబ్బు కట్టకముందే ఊరి పేరు, పిన్‌కోడు చెప్పి, అక్కడికి వస్తారా, ఎంతసేపట్లో వస్తారు అని అడిగి తెలుసుకోవాలి. సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోవడం మేలు.

బీమాతో కలిపి తీసుకున్నవారు మరో సంగతి గమనించాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. సొంత బండి నష్టానికి వర్తించే బీమా వేరు. దాన్ని ఏడాదికే తీసుకున్నవారు మళ్లీ కట్టకపోతే, దానికి జోడించిన ఈ సహాయం కూడా అక్కడితో ఆగిపోతుంది. చేతిలో కాగితం ఉంది కదా అని ధీమాగా ఉంటే అవసరమైననాడు అక్కరకు రాదు.

ఎవరికి లాభం?

రాత్రిళ్లు టెక్కలి, శ్రీకాకుళం, బరంపురం వైపు జాతీయ రహదారిపై తరచు ప్రయాణించేవారికి, ఒంటరిగా వెళ్లే మహిళా ఉద్యోగులకు ఈ సభ్యత్వం వృథా కాదు. తెలియని చోట నడిరాత్రి బండి ఆగితే ఫోనులో పలికేవాడొకడు ఉండటమే పెద్ద ధైర్యం. అయితే రహదారిపై ప్రమాదం జరిగినా, బండి అడ్డంగా నిలిచిపోయినా 1033 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చునని అందరూ తెలుసుకోవాలి. ఎవరికైనా గాయమైతే 108కు చెప్పాలి. సభ్యత్వం కార్డు అంబులెన్సు కాదు, బీమా అంతకన్నా కాదు. థర్డ్ పార్టీ బీమా గడువు తీరిపోయినవారు ముందుగా అది కట్టుకోవాలి.

ఇక ఊరినుంచి పూండికో, పలాసకో పగటిపూట వెళ్లివచ్చే రైతుకు, చేపల వ్యాపారికి దారిలోని మెకానిక్కు ఫోను నంబరే అసలైన సభ్యత్వం. ఉప్పుగాలికి గొలుసు, కేబుళ్లు త్వరగా తుప్పు పడతాయి. వాటికి వేళకు ఆయిలు పెట్టి, అరిగిన టైరు మార్చుకుంటే సగం చిక్కులు దారిలోకి రాకముందే తీరతాయి.

ఊరి ఏర్పాటు మేలు

జర్మనీలో 1903లో స్టుట్‌గార్ట్ నగరాన కొందరు మోటారు సైకిలిస్టులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1911లో ఏడీఏసీగా పేరు మార్చుకున్న ఆ సంఘంలో నేడు రెండు కోట్లమందికి పైగా సభ్యులున్నారు. దారిలో ఆగిన వాహనాలను ఆదుకోవడం దాని ప్రధాన సేవ. అంత పెద్ద సంస్థకు మొదలు బండ్లు నడిపేవారు తమంతట తాము కలవడమే.

ఆ పని ఇక్కడా చేయవచ్చు. ఒక ఊళ్లో 50 మంది బండ్లవారు నెలకు 10 రూపాయల చొప్పున వేసుకుంటే ఏడాదికి 6,000 రూపాయలవుతాయి. గాలి పంపు, ప్యాచీలు, ప్లగ్గు, క్లచ్ కేబులు కొని ఊళ్లో ఒకచోట ఉంచవచ్చు. కదలని బండిని తెచ్చే లగేజీ ఆటో కిరాయికి మిగతా సొమ్ము పనికొస్తుంది. జమాఖర్చులు, మెకానిక్కుల ఫోను నంబర్లు పంచాయతీ కార్యాలయం గోడపై రాసిపెడితే ఎవరికీ అనుమానం ఉండదు. యువజన సంఘాలు పూనుకుంటే ఇది కష్టమైన పని కాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు దారులకు అడ్డంగా పడ్డాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఫోను పలికితేనే కంపెనీ సహాయం. ఫోను పలకనినాడు పొరుగువాడే దిక్కు. దూరప్రయాణాలు చేసేవారు షరతులు చూసి సభ్యత్వం తీసుకోవచ్చు. మిగిలినవారు ఆ డబ్బులో కొంతైనా ఊరి ఏర్పాటుకు పెడితే, బండి ఆగిన చోటికి ముందుగా చేరేది ఊరివాడే.