ఉద్యానవిద్య యెవరి కొఱకు?

వరిపైరున పొరపాటు జరిగినచో రైతునకు ఒక్క కారు నష్టము. తోటలో పొరపాటు జరిగినచో ఐదేండ్ల నష్టము. బంగినపల్లి టెంకను పాతినచో బంగినపల్లియే కాయునను నమ్మకము లేదు, అంటుమొక్కనే నాటవలెను. ఆ యంటు మంచిదో కాదో నాలుగైదేండ్లకు కాపు వచ్చినగాని తెలియదు. మోసపోయిన రైతు మాబోటి వకీలు నాశ్రయించి దావా గెలిచినను, గడచిన కాలమును ఏ తీర్పు తిరిగి యీయగలదు?

కావుననే ఉద్యానవిద్య ప్రజల యవసరమైనది. 2007లో వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప తెలంగాణమునకును వేఱొకటి యేర్పడినది. నాలుగేండ్ల చదువులో విద్యార్థులు కొంతకాలము పల్లెలలో రైతులతో గడపవలెనను నియమమును గలదు. సంతోషమే. కాని పట్టము చేతికి రాగానే యువకుని చూపు తోటపై నిలుచునా, బ్యాంకు కొలువుపై వ్రాలునా?

యువకునే నిందించుట న్యాయము గాదు. "చదివినవాడు మట్టి పిసుకునా?" యని పరిహసించునది మనమే కదా! కడియపు నర్సరీలలో తరతరములుగా అంటుకట్టు చేతులకు పట్టములు లేవు. పట్టములు గలవారికి ఆ చేతినేర్పు చాలదు. ఈ రెండును గలిసిననాడే విద్య సార్థకమగును.

పట్టభద్రుడు స్వగ్రామమున నర్సరీ పెట్టదలచినచో మేలిజాతి తల్లిచెట్లను, ఋణమును సమకూర్చుట ప్రభుత్వధర్మము. తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఉద్యానశాస్త్రము చదివెదనన్నచో నవ్వకుడు. ఒక్క మంచి తోట ఒక కుటుంబమును తరముపాటు పోషింపగలదు.