కందెన వేయుటకు ముందు



వేసవి గడచుచున్నది. మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడినంతనే పెరడు దున్ని బెండ, గోరుచిక్కుడు, ఆనప విత్తులు నాటుకొనవలెనని మనమందరము ఎదురుచూచుచుందుము. పూర్వము ఈ పనికి పలుగును పారయు వలసియుండెను. ఇప్పుడు పెక్కు గృహములలో పవర్ వీడరను చిన్న దున్నుడు యంత్రము వచ్చి చేరినది. కోనసీమలోని మా యింటికిని మూడేండ్ల క్రిందట వచ్చినది. దానిని నడుపుట మావారు బడినుండి వచ్చిన పిమ్మట చేయు పని. తుడిచి, నూనె వేసి, కొట్టులో పెట్టుట మా పని. కావున ఈ మాసము ఆ సంగతియే ముచ్చటింప దలచితిమి.

మొదట మా తప్పు చెప్పెదము. నిరుడొక సాయంకాలము కొబ్బరిచెట్ల నడుమ దున్ని వచ్చిన యంత్రపు కత్తులకు పీచు చుట్టుకొనియుండెను. ఇంజను ఆగియున్నది గదా యని మేము పీట వేసికొని కూర్చుండి వ్రేళ్లతో పీచు లాగుచుంటిమి. తెగని ముడి యొకటి తగులగా చాకు కొరకు చేయి వెనుకకు తీసితిమి. సరిగా అప్పుడే, ప్రక్కన ఆడుకొనుచున్న మా యెనిమిదేండ్ల అబ్బాయి ఇంజను త్రాడు లాగెను. గేరు తప్పించుట మఱచియుంటిమి. ఇంజను రాజుకొనలేదు గాని కత్తులు బెత్తెడు కదలినవి. మా వ్రేళ్లు ఉండిన చోటనే కదలినవి. రాజుకొనియున్నచో ఏమగునో వ్రాయుటకు నేటికిని చేయి ఆడదు. పిల్లవానిని కోపించుటకు నోరు రాలేదు. తప్పు వానిది కాదు.

నాటినుండి మా యింట ఒక నియమము ఏర్పడినది: నూనెగిన్నె ముట్టుటకు ముందు ప్లగ్గు టోపీ ఊడదీయవలెను. పెట్రోలు ఇంజనునకు దళసరి నల్లని తీగ యొకటి రబ్బరు టోపీతో ప్లగ్గునకు తగిలియుండును. ఆ తీగ ద్వారా నిప్పురవ్వ పుట్టనిదే పెట్రోలు మండదు. స్విచ్చి కట్టితిమి గదా యని ధైర్యపడరాదు. స్విచ్చి చెడవచ్చును, ఎవరైనను తిప్పవచ్చును. టోపీ ఊడదీసి, అది మరల ప్లగ్గును తాకకుండ దూరముగా మళ్లించి, గేరు తప్పించి, పిల్లలను లోనికి పంపి, ఇంజను చల్లారువరకు ఆగవలెను. సైలెన్సరు చాలసేపు కాలుచునే యుండును. పమిటచెంగు నడుమున గట్టిగా దోపుకొనవలెను. డీజిలు యంత్రములకు ఈ ప్లగ్గు ఉండదు. వాని పద్ధతిని వాని పుస్తకములో చూచుకొనవలెను.

ఇక కందెన మాట. మన పెద్దలు ఎద్దుబండి యిరుసునకు ఆముదమును వరిగడ్డి మసితో కలిపి కందెన వేసెడివారు. ఆ జ్ఞాపకముతో ఇంటిలోని ఆముదమో కొబ్బరినూనెయో ఈ యంత్రమున పోయరాదు. దీనికి మూడుచోట్ల మూడు విధములైన కందెన వలయును.

మొదటిది ఇంజనునకు. యంత్రమును చదునైన నేలపై నిలిపి, కొలపుల్ల తీసి తుడిచి, మరల ముంచి, ఆయిలు రెండు గీతల నడుమ ఉన్నదా యని దున్నుటకు ముందు ప్రతిసారి చూడవలెను. తక్కువైనను ఎక్కువైనను కీడే. మా యంత్రపు పుస్తకమున మొదటి 20 గంటల పనికి ఒకసారి, అటుపిమ్మట 100 గంటలకొకసారి ఆయిలు మార్చుమని యున్నది. ఇది ఫోర్ స్ట్రోకు ఇంజను మాట. టూ స్ట్రోకు ఇంజనునకు వేరుగా ఆయిలు పోయు చోటుండదు. పుస్తకమున చెప్పిన పాళ్లలో పెట్రోలుతో కలుపవలెను. ఒట్టి పెట్రోలు పోసినచో ఇంజను బిగిసిపోవును.

రెండవది గేరుపెట్టెకు. ఇందలి చిక్కని ఆయిలు ఊరక తరుగదు. తరిగినదన్నచో ఎక్కడనో కారుచున్నదని యెఱుగవలెను. ఇరుసునకు చుట్టుకొన్న పీచే తరచుగా అచటి సీలును కోసివేయును. కనుక పీచు తీయుట శుభ్రత కొరకు మాత్రమే కాదు.

మూడవది కత్తుల ఇరుసునకు. ఏటికొకసారి కత్తులను ఊడదీసి, త్రుప్పు తుడిచి, పలుచగా గ్రీజు పూయవలెను. ఈ పని మానినచో త్రుప్పు రెంటిని కలిపి ఒకటే ఇనుముగా చేయును. పిమ్మట సుత్తితో గాని రావు. మీటల తీగలకు రెండేసి చుక్కలు చాలును. బెల్టునకు మాత్రము నూనె తగులరాదు, తగిలినచో జారును. యంత్రమును వాల్చవలసి వచ్చినచో ఎయిర్ ఫిల్టరు పైవైపున ఉండునట్లు చూడవలెను.

పెట్రోలు విషయమున మరింత జాగ్రత్త వలయును. దాని ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి దూరమందలి నిప్పును అందుకొనును. కావున ఇంజను చల్లారిన పిమ్మట, ఆరుబయట, వంటింటికిని తులసికోట దీపమునకును దూరముగా పోయవలెను. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఎథనాలు కలుపుట అమలునకు వచ్చినది. ఎథనాలు చెమ్మను పీల్చును. పని ముగిసిన కాలమున టాంకు ఖాళీ చేసి, మిగిలినది అయిపోవువరకు ఇంజనును బయటనే నడిపి, అటుపైని కొట్టులో పెట్టవలెను. మూసిన గదిలో నడిపినచో ఆ పొగలోని కార్బన్ మొనాక్సైడు ప్రాణము తీయును. దానికి రంగు లేదు, వాసన లేదు. తీసివేసిన నల్లని ఆయిలును కాలువలోనో నూతి దగ్గరనో పారబోయక, డబ్బాలో పట్టి మరమ్మతు చేయువారికి ఈయవలెను.

ఇప్పుడు మేము పీట వేసికొనగానే మా అబ్బాయి గుమ్మమున నిలిచి, “టోపీ తీసితివా, అమ్మా?” యని అడుగును. తీసి చూపువరకు కదలడు. మేమును చూపనిదే కూర్చుండము. మీ యింటను అట్లు అడుగువారొకరు ఉండవలెనని మా కోరిక.